టేపు కింద గరికపోచ

"మరి నీదానికీ గరిక ఎట్టేను కదరా," అంది మా అమ్మ.

ఏ గరికే, అన్నాను మాటవరసకి. నా ధ్యాసంతా ఒళ్లో ఉన్న గొట్టం మీద ఉంది, గొట్టమంటే నా పొడుగు లెన్సు, దూరాన్ని దగ్గరికి లాగే రష్యా లెన్సు, గుడ్డతో తుడుస్తున్నాను. ఉగాది సభకి మా టౌన్‌షిప్ క్లబ్బు హాలు నిండిపోయింది, మేమిద్దరం వెనక గోడవారకి కూచున్నాం, స్టేజీ మీద మావిడాకుల తోరణం కింద త్రినాథగాడు తీసిన గ్రహణం ఫొటో పెట్టేరు, తలుపంత ఎత్తున, చుట్టూ బంతిపూల దండ, నల్లటి గుండ్రం చుట్టూ తెల్లటి వెలుగు రేకులు ఏ రేకుకారేకు విడిగా కనిపిస్తున్నాయి. అది నువ్వు తీసిందేట్రా అని అమ్మ అడిగింది. కాదే, త్రినాథుది, నాది పాడైపోయింది అన్నాను. అందుకని అంది ఆ మాట. "గ్రహణం పట్టకముందు ఏసేను కదరా బాబూ, ఆవకాయ జాడీ మీద, నీల కుండ మీద, బియ్యం డబ్బా మీద, తిన్నాదబాబు కెమేరా మీద. నీ గొట్టం మీద కూడా ఎట్టేను, అదేమో నిలబడదు, జారిపోతంది. అప్పుడా నల్ల టేపు సివర లేపి దాని కింద గరికపోస దూర్సేను. అంటుకోలేదు. ఇలాగ గట్టిగా నొక్కి ఓ తిప్పు తిప్పితే అప్పుడు అంటుకుంది." చేత్తో చూపించింది, జాడీ మూత బిగించినట్టు. నా చేతిలో గుడ్డ ఆగిపోయింది. ఎవర్నడిగి పెట్టేవే, అన్నాను. "తిన్నాదబాబుని అడిగే ఎట్టేను. అడక్కండా నీ వస్తువు ముట్టుకుంతానేటి? ఆ బాబు పక్కనే ఉన్నాడు, ఎట్టమ్మా మంచిదే అన్నాడు." అని, మా అమ్మ దేముడమ్మ, కొంగు సర్దుకుని, స్టేజీ మీద ఎవడో మైకులోకి ఫూ ఫూ అని ఊదుతుంటే అటు తిరిగి నవ్వుకుంటూ కూచుంది.

ఎట్టమ్మా మంచిదే. ఎట్టమ్మా మంచిదే అన్నాడా. ఓరి త్రినాథా. నెల్రోజులనించీ నేను నా చేతిని తిట్టుకుంటున్నాన్రా, టేపుని తిట్టుకున్నాను, సెమిలిగుడలో ఆ టేపు అమ్మిన షాపువాణ్ణి తిట్టుకున్నాను, ఎండని తిట్టుకున్నాను, లెన్సులోపలి గ్రీజుని తిట్టుకున్నాను, రష్యానంతటినీ తిట్టుకున్నాను, నువ్వు నా పక్కన కూచుని టీ తాగుతూ, "ఎండకి టేపు జారుంటాదిరా, ఏటి సేస్తాం, నీ టైము బాగోలేదు," అన్నావు, నా వీపు నిమిరేవు కూడా. ఆ చెయ్యేసిన చోటు ఇప్పుడు దురదెడుతున్నట్టుంది నాకు. వీపు గోడకేసి రుద్దుకున్నాను. అమ్మ చూసి, దోమలేట్రా, అంది.

ఆ టేపు నేర్పినోడే ఆడు. మేం కల్యాణసింగ్‌పూర్ వెళ్లేం ఓసారి, నాగావళి ఒడ్డున చెట్లమీద కొంగలు గూళ్లు కట్టుకున్నాయంటే బస్సెక్కి పోయేం, రోడ్డా అది, రాళ్లూ గోతులూ, నా ఒళ్లో గొట్టం ఎగిరెగిరి పడింది. దిగి ఫొటోలు తీసేం, పిల్లకి తినిపిస్తున్న కొంగ, నీళ్లలో నిలబడ్డ కొంగ, ఫిలిమంతా ఖర్చు పెట్టేను, ఇంటికొచ్చి కడిగితే అన్నీ బూడిద ముద్దలు. పొడుగు లెన్సుతో వచ్చిన తంటా అది, ముందున్న రింగు వెంట్రుక వాసి తిరిగినా చాలు, దూరంగా ఉన్నది మసక్కిపోతుంది, చొక్కా చెయ్యి తగిలినా తిరుగుతుంది, మెడలో పట్టీ రాసుకున్నా తిరుగుతుంది, మనకి తెలీదు. నేను ఏడుపు మొహం పెడితే త్రినాథుడు జేబులోంచి కరెంటు పనివాళ్ల నల్లటేపు తీసేడు. "ఫోకస్ కుదిరేక రింగుకీ గొట్టానికీ కలిపి ఓ ముక్క అంటించెయ్యాల్రా, ఇక నీ బాబొచ్చినా కదల్దు," అన్నాడు, టేపు కొస కొంచెం వెనక్కి మడిచేడు, చిన్న చెవిలాగ, మళ్లీ ఊడదీసుకుందికి పట్టు దొరకాలి కదా, దానిపక్కన పెన్సిల్తో రింగు మీదా గొట్టం మీదా ఒకటే గీత గీసేడు, గీత విరిగితే రింగు తిరిగినట్టే. ఎంత మురిసిపోయేనో ఆవేళ. ఇంటికి తీసుకొచ్చి అమ్మచేత దిబ్బరొట్టి వేయించి పెట్టేను. నా చేత్తో పెట్టేను. ఛీ.

దిబ్బరొట్టి. అవును, దిబ్బరొట్టి. ప్రతి ఆదివారం పొద్దున్నే వచ్చేవోడు, అమ్మా మాడు ముక్క నాకే అనీవోడు, గ్రహణం తరవాత ఒక్కాదివారం కూడా రాలేదు. షిఫ్టు మారిందిరా అన్నాడు. రాయగడలో మేనమావకి ఒంట్లో బాగోలేదురా అన్నాడు. నేను నమ్మేను, పోనీ పాపం అనుకున్నాను, అమ్మ అడిగితే నేనే సర్దిచెప్పేను, పైగా ఓసారి రొట్టి ముక్క టిఫిను గిన్నెలో పెట్టి తీసుకెళ్లి ఆడికిచ్చేను. తిన్నాడు. నా కళ్లముందే తిన్నాడు. మా అమ్మ మొహం చూడలేక రావటంలేదని నాకు తట్టలేదు, ఎలా తడుతుంది, ఆవిడ నోట్లో ఈ మాట ఉందని ఆడికి తెలుసు, నాకు తెలీదు. ఏ ఆదివారం పొద్దున్నో రొట్టి తిరగేస్తూ, తిన్నాదబాబూ ఆ గరిక పన్జేసిందేటి అని ఆవిడ అడిగేస్తుందని భయం. రాకపోవటమే ఆడి సాక్ష్యం. ఇంకా ఏటి కావాలి నాకు.

లేదు, ఉండు, తాతాజీ, తొందరపడకు. ఆడికి తెలీకపోవచ్చు కదా. ముసలావిడ గరిక పెడతానంది, పెట్టమన్నాడు, పెద్దావిణ్ణి కాదనలేక. రింగు తిరిగిందని ఆడికేం తెలుసు? అని నాకు నేనే చెప్పుకుంటున్నాను, ఇటు చెప్పుకుంటూనే అటు వేడి ఎక్కుతోంది చెవులదాకా. ఎందుకంటే రెండో కన్ను ఉంది మాకు. అది మా ఫ్యాక్టరీ అలవాటు, ఇంజన్లు చేస్తాం కదా, విమానం ఇంజన్లు, మిషన్ మీద పని చేసినోడు తన పని తానే చూసుకుని బాగుందనుకోకూడదు, రెండోవాడెవడో చూసి ముద్ర కొట్టాలి, అప్పుడే అది ముందుకి కదుల్తుంది. నేను గ్రైండింగ్ షాపులో ఇంజన్ లోపల తిరిగే రెక్కలు అరగదీస్తాను, త్రినాథుడు ఇన్‌స్పెక్షన్లో కూచుని అవి చూస్తాడు. ఎన్నేళ్లనించో నా చేతిలోంచి వచ్చిన రెక్క ఆడి కంటి కిందికే వెళ్లింది. ఆడు ముద్ర కొట్టేక నేను మళ్లీ చూడటం ఉండదు, చూస్తే ఆణ్ణి అవమానించినట్టే, మా దగ్గర అది పెద్ద తప్పు. ఆ అలవాటే ఫొటోలకీ తెచ్చుకున్నాం. ఆడి ఫోకస్ నేను చూడాలి, నా ఫోకస్ ఆడు చూడాలి. చూసి ఓకే అన్నాక ఇక ముట్టుకోకూడదు. బయటోళ్లకి చెబితే నవ్వుతారు, నీ కెమేరాలో నువ్వు చూసుకోవేట్రా అంటారు. చూసుకోను. ఇరవై తరాల నమ్మకం లాగ పట్టుకున్నాను దాన్ని, గొర్రెని కదా.

ఆ మాఘ అమావాస్య నాడు మా క్వార్టరు పెరట్లో రెండు స్టాండ్లు పెట్టేం, ఒకటి నాది, ఒకటి ఆడిది, ఆడిది క్లబ్బు లెన్సు. సంపూర్ణ గ్రహణం సరిగ్గా మన కోరాపుట్ కొండల మీంచే పోతుందని, మన జన్మలో మళ్లీ రాదని, జనరల్ మేనేజరుగారు అందరిముందూ చెప్పేరు, ఎవరు బాగా తీస్తే వాళ్లని ఫొటో సెక్షన్లోకి తీసుకుంటానని. ఒకటే సీటు. ఆడికీ తెలుసు, నాకూ తెలుసు, నవ్వుకున్నాం, ఎవడికొచ్చినా ఒకటేరా అన్నాడు. ఒకటి కాదని ఆడికి తెలుసు. డాక్టరు నాతో చెప్పినప్పుడు ఆడు పక్కనే ఉన్నాడు, "ఆ గ్రైండింగ్ ధూళిలోంచి బయటికి రా నాయనా, రాకపోతే ఈ దగ్గు నిన్ను వదల్దు," అన్నప్పుడు నా మందుల చీటీ ఆడి చేతిలోనే ఉంది. మా ఆవిడ సుమతి పిల్లల్ని తీసుకుని పార్వతీపురం వెళ్లేప్పుడు కూడా అదే మాట, ఆ సీటు మీకొస్తే నేను దేవుడికి దణ్ణం పెట్టుకుంటానంది. వినలేదా ఆడు? విన్నాడు. రిక్షాలో సామాను ఎత్తింది ఆడే.

పొద్దున్నే కొండ మీది వైర్‌లెస్ టవరు మీద ఫోకస్ పెట్టేను, ఇనప కడ్డీ కడ్డీ విడిగా కనిపించేదాకా తిప్పేను, టేపు అంటించేను, చెవి మడిచేను, గీత గీసేను. కెమేరాలోంచి సూర్యుణ్ణి చూస్తే కళ్లు పోతాయని ఆసుపత్రివాళ్లు బోర్డు పెట్టేరు, అంచేత అంత దూరం టవరుకి కుదిరిన ఫోకసే సూర్యుడికీ. ఆడి గొట్టంలో నేను చూసేను, రెండో కన్ను. టవరు కొస కొంచెం పొగలాగుంది. ఒరే, నీది పిసరు అవతలికి పోయిందిరా, అన్నాను, నేనే సరిచేసేను, నేనే టేపేసేను ఆడిదానికి. ఇదిగో, స్టేజీ మీదున్న ఆ రేకులు, ఆ కత్తి అంచు, అది నా కన్ను. నా వేలు. దానికి దండేసేరు.

అప్పుడు అమ్మ పిలిచింది, గ్రహణం పట్టకముందే స్నానం చేసి ఇంత తినెయ్యమని, ఆవిడ మడి ఆవిడది. వెళ్లేను. నేను నీళ్లు పోసుకుంటుంటే ఆవిడ గరిక పట్టుకుని ఇల్లంతా తిరుగుతోంది, పెరట్లోకీ వెళ్లింది, నా కొడుకు ప్రాణంగా చూసుకునే గొట్టం, దానికి దోషం తగలకూడదని. ఆవిడ తప్పేం ఉంది? ఆవకాయనెంత చూసుకుందో నా గొట్టాన్నీ అంత చూసుకుంది. నేను తిరిగొచ్చేసరికి లెన్సు చుట్టూ తెల్ల తువ్వాలు చుట్టేసుంది. ఎండకి వేడెక్కకండా నేనే సుట్టేన్రా, అన్నాడు త్రినాథుడు. చూడు, ఆ తువ్వాలు. నెల్రోజులు ఆ తువ్వాలు నాకు ప్రేమగా గుర్తుంది, చూసేవా ఎంత ముందుచూపో అనుకున్నాను. దాని కింద గరికపోచ, విరిగిన గీత. రెండో కన్ను చూడరా, అన్నాను. వంగేడు. కన్ను పెట్టేడు. కొంచెం ఎక్కువసేపే పెట్టేడు, ఇప్పుడు గుర్తొస్తోంది, ఊపిరి బిగబట్టినట్టు మెడనరం కదిలింది. రెక్క మీద వెంట్రుకంత చీలిక ఉంటే పట్టే కన్ను అది. టవరంతా బూడిద ముద్దయి కనిపించుంటుంది. లేచి నా మొహం కేసి చూడకండా, ఆకాశం కేసి చూసి, "కత్తిలా ఉంది, ముట్టుకోకు," అన్నాడు.

ముట్టుకోకు అన్నాడురా వెధవ. నేను ముట్టుకోలేదు.

ఆ పైన ఎండ పల్చబడిపోయింది, గాలి చల్లగా తిరిగింది, పెరట్లో కాకులు గోలపెట్టి చెట్టెక్కేసేయి, అవతల బస్తీలో జనం పళ్లేలు వాయిస్తున్నారు, కొండలమీంచి నీడొకటి దొర్లుకుంటూ వచ్చేసింది, పట్టపగలు చుక్క కనిపించింది, నేను లెన్సు ముందు ఎండకి అడ్డం పెట్టిన నల్ల ఫిలిం ముక్క తీసేసి, కెమేరాకి తగిలించిన తీగ మీట నొక్కుతూ మామూలు కళ్లతో పైకి చూస్తున్నాను, ఏడుపొచ్చేసింది, ఎందుకో తెలీదు, ఒరే చూసేవురా చూసేవురా అంటున్నాను, త్రినాథుడి చెయ్యి నా భుజం మీద ఉంది. ఆ చెయ్యి నా చొక్కాని గుప్పిట్లో బిగించేసింది. నాలాగే ఆడికీ ఏడుపొస్తోందనుకున్నాను. వెలుగు తిరిగొచ్చేక విడుపు స్నానానికి అమ్మ కేకేస్తే, నువ్వెళ్లు, నేను సర్దుతాను అన్నాడు. సర్దేడు. గరికపోచ తీసేసేడు, టేపు తీసేసేడు, గొట్టం తుడిచి సంచీలో పెట్టి ఇచ్చేడు. ఒక్కమాట, ఒరే మీ అమ్మ కదిపిందిరా అని ఒక్కమాట అప్పుడైనా అంటే. గ్రహణం పట్టకముందు అంటే టైముంది, బోల్డంత టైముంది, ఓ తిప్పు తిప్పి టేపేస్తే అయిపోయేది. ఇద్దరివీ బాగా వచ్చేవి. అప్పుడు ఆడికే సీటొస్తే నేను దణ్ణం పెట్టీవోణ్ణి. ఆడు ఏమీ చెయ్యలేదు, అదే నా కడుపు మండిస్తోంది, ఆడు రింగు తిప్పలేదు, టేపు లాగలేదు, ఆడి చెయ్యి శుభ్రంగా ఉంది, మా అమ్మ చేతిని పక్కన పెట్టుకుని ఊరుకున్నాడు. నేనెప్పుడైనా అడిగితే మీ అమ్మేరా అంటాడు. నేను ఆ ముసల్దాన్ని తిట్టాలి. ఆ లెక్క కూడా వేసుకునే ఉంటాడు.

లేచి అరిచెయ్యనా. ఇంతమంది ఉన్నారు, ముందు వరసలో జనరల్ మేనేజరుగారు, పక్కన ఒరియా పెద్దమనుషులు, తెలుగు సంఘం సెక్రటరీ గణపతిరావుగారు పట్టుపంచెలో అటూ ఇటూ పరిగెడుతున్నారు. లేచి, అయ్యా ఈ ఫొటో వెనక ఇదీ కథ అంటే, ఏటంటారు, సాక్ష్యమేదంటారు, మీ అమ్మగారేనా కదిపింది అంటారు, అందరూ తిరిగి ఈవిణ్ణి చూస్తారు. నెల్రోజులు నేను మంచమ్మీద అటూ ఇటూ దొర్లుతుంటే కాళ్లు పట్టిన మనిషి. ఏటయిందిరా, ఎందుకలాగున్నావు అని అడిగిన మనిషి. తన చేత్తోనే పోయిందని తెలిస్తే మళ్లీ అన్నం ముట్టదు. అంచేత అరవను. నోట్లో ఉమ్మి మింగేను, చేదుగా ఉంది, ఇందాక ఇచ్చిన వేపపువ్వు పచ్చడో ఏటో.

"తాతాజీగారూ, మీరు ముందుకొచ్చి తీయండి!" గణపతిరావుగారు మైకులోనే కేకేసేరు, సభ ఫొటోలు నన్నే తియ్యమన్నారు మరి, త్రినాథుడు ఇవాళ పెళ్లికొడుకు కదా. ఇక్కణ్ణించే తీస్తానండీ, గొట్టం ఉంది, అని చెయ్యూపేను. స్టాండు మీద కెమేరా బిగించి కన్ను పెట్టేను. ముందు దండ కనిపించింది, పసుప్పచ్చ మబ్బులాగ, రింగు తిప్పితే పువ్వులయ్యేయి. పక్కకి జరిపేను. త్రినాథుడు కుర్చీలో చేతులు కట్టుకుని కూచున్నాడు, తెల్ల చొక్కా, బొట్టు. మసగ్గా ఉన్నాడు. ఆ మసగ్గానే ఉంచెయ్యొచ్చు. నా వేళ్ల కిందుంది రింగు, ఓ పిసరు అటు అన్నానంటే ఆడి జన్మకి ఒక్కసారొచ్చే సన్మానం బూడిద ముద్దయిపోతుంది, ఎండకి జారుంటాదిరా అని నేనూ వీపు నిమరొచ్చు. వేళ్లు, నిజం చెప్పాలంటే, అటే తిరిగేయి కొంచెం. ఆడి మొహం కరిగిపోయింది. బాగుంది చూడ్డానికి. కళ్లు లేవు, నోరు లేదు.

అలా ఎందుకు, అనిపించింది. కళ్లు లేకపోతే ఆడికి హాయి కదా. వెనక్కి తిప్పేను, ముక్కు వచ్చింది, మీసం వెంట్రుకలు వచ్చేయి, కనురెప్పలు వచ్చేయి, కంట్లో స్టేజీ దీపం చుక్క కూడా వచ్చింది. ఆపేను. జేబులోంచి టేపు తీసి ముక్క తుంపి రింగుకీ గొట్టానికీ కలిపి అంటించేను, చెవి మడిచేను, పెన్సిల్తో గీత గీసేను. నా కోపం నా చేతికి రాకండా. రెండో కన్నుకి ఎవర్నీ అడగలేదు.

జనరల్ మేనేజరుగారు షీల్డు ఇచ్చేరు, వచ్చే నెలనించీ ఫొటో సెక్షన్ ఇతనిదే అన్నారు, చప్పట్లు. త్రినాథుడు మైకు దగ్గరికొచ్చేడు, షీల్డు గుండెకి ఆనించుకుని, "ఇందులో నాదొక్కడిదే గొప్పకాదండి, నా స్నేహితుడు తాతాజీ లేకపోతే..." అన్నాడు, గొంతు బాగానే తడిపేడు. నా పేరు వినగానే పక్కన అమ్మ లేచి నిలబడిపోయింది. ఆగలేదు, ఆవిడకి సభా మర్యాదలేం తెలుసు, రెండు చేతులూ పైకెత్తి, హాలంతా తిరిగి చూసేలాగ, "నా బాబే, తిన్నాదబాబూ! నా గరిక నీకు పన్జేసిందిరా, సల్లగుండు!" అంది. అందరూ నవ్వేరు, ప్రేమగానే నవ్వేరు, పెద్దావిడ దీవిస్తోంది కదా. గొట్టంలో నేను చూస్తున్నాను. ఆడు నవ్వలేదు. వెతికేడు, ఆవిణ్ణి చూసేడు, ఆవిడ పక్కన కెమేరాని చూసేడు, అంటే నన్ను. మెడనరం కదిలింది, ఆవేళలాగే. తరవాత కళ్లు దించేసుకున్నాడు.

మీట నొక్కేను.

అమ్మ కూచుంది, ఆయాసపడుతోంది, మొహం వెలిగిపోతోంది. "ఇంతమందిలో నన్ను సూసేడేట్రా ఆ బాబు?" అంది.

"చూసేడమ్మా," అన్నాను టేపు ఊడదీస్తూ, "చూసినట్టు ఫిలింలో ఉంది."